ముందు గుర్రం కదిరప్ప భయం

అనగనగా ఒక రాతిలోయ. ఆ లోయ ముందు ఒక ఊరు. దాని పేరు రాతిగుమ్మం. ఆ ఊళ్ళో పంటలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియడం అన్నిటికన్నా ఎక్కువ.

లోయ మాత్రం మహా అందమైనది. రెండు వైపులా ఎర్రరాతి గోడలు, అడుగున ఎక్కడో వెండితీగలాంటి ఏరు. పొద్దున కుంకుమలా ఉండే గోడలు సాయంత్రానికి నేరేడుపండు రంగుకు తిరిగేవి. లోయ చివర ఒక జలపాతం. అది చూడాలని దేశదేశాల నుంచి బాటసారులు వచ్చేవారు. ఆ మలుపుల్లో పల్లకీ పట్టదు, నడిస్తే కాళ్ళు పట్టవు. అందుకని రాతిగుమ్మం వాళ్ళు గుర్రాలను పెంచి, వచ్చినవాళ్ళను వాటి మీద ఎక్కించి, వరసగా లోయలోకి తీసుకుపోయేవారు. తిరిగివచ్చాక ఎవరు ఏ మలుపులో ఏ దేవుణ్ణి పిలిచారో ఊరంతా చెప్పుకునేవారు. మర్యాదగానే చెప్పుకునేవారు.

ఆ వరసకు ఒక ఆచారం ఉంది. అన్నిటికన్నా ముందు నడిచేదాన్ని ముందు గుర్రం అంటారు. ముందు గుర్రంవాడు దారిలో ఉన్నది ఉన్నట్టు అరిచి చెప్పాలి. అతడు “రాయి!” అంటే వెనకవాడు “రాయి!” అనాలి. వాడి వెనకవాడూ అనాలి. అలా మాట చివరి గుర్రం దాకా పోవాలి. మలుపుల్లో ఒకరికొకరు కనబడరు కనుక ఈ ఏర్పాటు. ఎందుకు, ఏమిటి అని మధ్యలో అడగరాదు. రాజైనా, రౌతైనా విన్నమాట అనవలసిందే.

ఆ రోజుల్లో ముందు గుర్రం కదిరప్పది. అతని తండ్రిదీ, తాతదీ ముందు గుర్రమే. అతని ఆడగుర్రం పేరు జాజి. వయసు మళ్ళింది, నోరు మళ్ళలేదు. అప్పట్లో గుర్రాలు మాట్లాడేవి. ఆ రోజు ఒళ్ళు తోమిన చేతికి మాత్రమే ఆ మాటలు తెలిసేవి. మిగతావాళ్ళు సకిలింపు అనుకునేవారు.

కదిరప్ప మీసం చూస్తే పులి కూడా దారి ఇస్తుందనిపించేది. బాటసారులు ఆ మీసం చూసే ధైర్యం తెచ్చుకునేవారు. పాపం, ఆ మీసం వెనక ఏముందో వాళ్ళకు తెలియదు.

ఆ మీసం వెనక భయం ఉంది.

లోయలో కత్తివాదర అనే చోటు ఉంది. ఒక పక్క గోడ, ఒక పక్క ఏమీ లేదు. కిందటి వానాకాలంలో అక్కడ జాజి కాలికింద ఒక రాయి జారింది. జాజి నిలదొక్కుకుంది. రాయి పోయింది. అది కింద పడిన చప్పుడు కోసం కదిరప్ప ఎదురుచూశాడు. ఎంతకూ రాలేదు. వచ్చేసరికి అతని గుండె జారిపోయింది.

ఆనాటి నుంచి కత్తివాదర దగ్గరకు రాగానే అతను కళ్ళు మూసుకునేవాడు. జాజి దాని దారిన అది నడిచేది. అతను పాత జ్ఞాపకం మీద “రాయి! మలుపు!” అని అరిచేవాడు. వెనకవాళ్ళు నమ్మకంగా అందుకునేవారు.

భయం కూడా చుట్టంలాంటిదే. మొదట అరుగు మీద కూర్చుంటుంది, ఆపైన వంటింట్లోకి వస్తుంది. కొన్నాళ్ళకు జారుడుబండ దగ్గరా కదిరప్ప కళ్ళు మూతపడ్డాయి. ఆపైన ఎలుగుగొంతు అనే ఇరుకుసందు దగ్గర కూడా. చివరికి లోయలో చాలా అందమైన భాగాన్ని అతను చూడటమే మానేశాడు. అదే భాగాన్ని బాటసారులకు ఎంతో బాగా వర్ణించేవాడు.

భార్య సుంకులమ్మకు ఒక్కదానికే ఈ సంగతి తెలుసు. అంటే, అది ఇంకా ఊరికి తెలియలేదన్నమాట. సుంకులమ్మ గొప్పతనం ఆ ఊళ్ళో ఎవరూ గుర్తించలేదు.

“ఏమయ్యో, చెప్పేయరాదూ?” అనేది ఆమె. “నిద్దట్లో ‘ఎడమకు, ఎడమకు’ అని అరుస్తావు. నేనూ అలవాటు కొద్దీ ‘ఎడమకు’ అంటాను. పొద్దున్న లేచేసరికి ఇద్దరం నేలమీద ఉంటున్నాం.”

“చెబితే ముందు గుర్రం మీ అన్నకు ఇస్తారే!”

“ఇస్తే?”

“తాతనాటి నుంచి వచ్చిన చోటు! వాడి వెనక నడవమంటావా నన్ను?”

“నడువు. వెనకుంటే కళ్ళు మూసుకున్నా ఎవరూ అడగరు” అనేది సుంకులమ్మ.

ఇలా ఉండగా ఒకనాడు మైదానపు దేశాన్ని ఏలే కుముదసేన మహారాజు లోయ చూడటానికి వచ్చాడు. వెంట మంత్రి సుధర్ముడు, భటులు, గొడుగు పట్టేవాడు, చివర కంచరగాడిద మీద వంటవాడు. రాజు జాజిని చూశాడు. మెచ్చుకున్నాడు.

“ఏమోయ్ కదిరప్పా! ఇంత పేరున్న గుర్రాన్ని మేము ఎక్కకపోతే ఎట్లా? నీ వెనకనే మేము దీనిమీద వస్తాము. నువ్వు మా గగనగామిని ఎక్కు” అన్నాడు.

కదిరప్ప జాజికి అడ్డం నిలబడ్డాడు. “మహాప్రభో, ఇది ముసలిది, పెంకిది...”

“మా అమ్మగారూ అంతే. మాకు అలవాటే” అన్నాడు రాజు. జాజి మీద ఎక్కేశాడు.

గగనగామి తెల్లటి గుర్రం. మెడలో ముత్యాల పేర్లు. బల్లపరుపు నేల మీద తప్ప ఎన్నడూ కాలు పెట్టలేదు. లోయ గుమ్మంలోకి చూసి అది గుటక మింగింది. ఆ ఉదయం దాని ఒళ్ళు తోమింది కదిరప్పే. అందుచేత దాని మాట అతనికి అర్థమైంది, అతని ఖర్మ.

“ఇది దారా?” అంది గగనగామి. “మా దేశంలో దీన్ని గోడ అంటారు.”

“నడువమ్మా, నేనున్నాను కదా” అన్నాడు కదిరప్ప. ఆ మాట అతనికే అబద్ధంగా వినబడింది.

మొదట ఎలుగుగొంతు వచ్చింది. రెండు బండల మధ్య సందు. గగనగామి వణికింది, దానిమీద కదిరప్ప వణికాడు. ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు. అతను కళ్ళు మూసుకుని, అలవాటు కొద్దీ, “కొమ్మ! తల వంచండి!” అని అరిచాడు.

“కొమ్మ! తల వంచండి!” అన్నాడు రాజు, వంగాడు. మంత్రి అన్నాడు, వంగాడు. వరసంతా వంగింది.

కొమ్మ లేదు. అది కిందటి గాలివానకే విరిగిపోయింది.

“కొమ్మ ఏదయ్యా?” అన్నాడు మంత్రి.

కదిరప్ప వెనక్కు తిరగకుండానే అన్నాడు: “ఇక్కడ వనదేవత కొమ్మ ఉండేది సామీ. గౌరవంగా వంగిపోవడం మా ఆచారం.”

“ఆహా!” అన్నాడు మంత్రి. ఆచారం అంటే ఆయనకు ప్రాణం. ఖాళీ గాలికి ఇంకోసారి వంగి మరీ వచ్చాడు.

వెనకనుంచి జాజి అంది: “నాయనా, ఇది ఒకటో అబద్ధం. గడ్డిలా తేలిగ్గా నమిలేశావు.”

తర్వాత జారుడుబండ వచ్చింది. పాచిపట్టిన వాలు. కుడిపక్కన ఊట పారుతుంది, ఎడమపక్కన పొడి. కనీసం కదిరప్ప జ్ఞాపకంలో అంతే. కళ్ళు మూసుకుని “ఎడమకు!” అని అరిచాడు.

“ఎడమకు! ఎడమకు! ఎడమకు!” అంటూ మాట వరస చివరిదాకా పోయింది.

ఊట ఎప్పుడో పక్క మార్చుకుంది. గగనగామి ముందుకాళ్ళు జర్రున జారాయి. అది మోకాళ్ళమీద పడింది. కదిరప్ప దాని జూలు పట్టుకుని వేలాడాడు. జాజి మాత్రం చెప్పినమాట వినకుండా కుడివైపే నడిచింది కనుక రాజు దక్కాడు. గొడుగు పట్టేవాడు గుర్రం మీదనుంచి జారి, గొడుగు వదిలి, బండను కౌగిలించుకున్నాడు. పట్టుగొడుగు తిరుగుతూ, తిరుగుతూ లోయలోకి దిగిపోయింది. అందరూ దాన్నే చూశారు. కదిరప్ప చూడలేదు. అయినా అది ఎంతసేపు దిగిందో అతనికి తెలుస్తూనే ఉంది.

“కదిరప్పా!” అన్నాడు రాజు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“లోయకు కానుక, మహాప్రభో. ఏదో ఒకటి ఇవ్వనిదే ఈ తల్లి దారి ఇవ్వదు.”

“గొడుగుతో సరిపెట్టుకుందా?”

“సరిపెట్టుకుంది, మహాప్రభో.”

రాజు నడవమన్నట్టు చెయ్యి ఊపాడు. గొడుగువాడు మాత్రం బండను వదలడానికి చాలా సేపు ఒప్పుకోలేదు.

“రెండోది” అంది జాజి. “ఇది గొంతులో అడ్డం పడలేదా?”

చెమట కదిరప్ప మీసం మీదుగా కారుతోంది. ఇప్పుడే చెబితే? రాజు ముందు తల తీసేస్తాడు, ఊరు తర్వాత చోటు తీసేస్తుంది. చెప్పకపోతే? ముందు కత్తివాదర ఉంది. అతను లెక్క కట్టుకున్నాడు: కాస్త దూరమే, కళ్ళు మూసుకుంటే అయిపోతుంది, ఇన్నాళ్ళూ అయిపోలేదా? కానీ ఇన్నాళ్ళూ కింద ఉన్నది జాజి. ఇవాళ గగనగామి.

మలుపు తిరగ్గానే కత్తివాదర వచ్చింది. గాలి ఈలవేస్తోంది. గగనగామి నిలబడిపోయింది.

“నేను కళ్ళు మూసుకుంటాను, నువ్వు నడిపించు” అంది.

ఇన్నాళ్ళూ కదిరప్ప మనసులో జాజితో అన్నది ఆ మాటే.

“నాయనా,” అంది వెనకనుంచి జాజి. ఈసారి ఎగతాళి లేదు. “ముందున్న పలకరాయి కింద మన్ను కనబడటం లేదు. ఇక్కడినుంచి నాకు సరిగా తెలియడం లేదు. నువ్వు చూడు.”

అతను చూడలేకపోయాడు. ముందుకు చూడలేక, వెనక్కు తిరిగి చూశాడు.

వెనక వరస ఉంది. రాజు, మంత్రి, భటులు, గొడుగులేని గొడుగువాడు, మలుపులో సగం కనబడే వంటవాడు. ఒక్కరూ లోయను చూడటం లేదు. అందరూ కదిరప్ప వీపునే చూస్తున్నారు. ఆ వీపును నమ్ముకునే జీనులమీద నిలిచి ఉన్నారు. వీపుకు కళ్ళుండవని వాళ్ళకు తట్టలేదు.

మూడో అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. “ఏమీ లేదు, నడవండి!” అంటే చాలు. వాళ్ళు ఆ మాటే అందుకుంటారు, ఆ మాట వెంటే నడుస్తారు. ఒకరి తర్వాత ఒకరు, గొడుగు పోయిన దారినే.

కదిరప్ప నోరు తెరిచాడు.

“నాకు భయంగా ఉంది!” అని అరిచాడు.

ఆచారం ఆచారమే. ఎందుకు, ఏమిటి అని అడగరాదు.

“నాకు భయంగా ఉంది!” అన్నాడు కుముదసేన మహారాజు.

“నాకు భయంగా ఉంది!” అన్నాడు మంత్రి సుధర్ముడు.

“నాకు భయంగా ఉంది!” అన్నారు భటులు, ఒకరి తర్వాత ఒకరు. కోరమీసాల భటుడు కాస్త గట్టిగానే అన్నాడు. వంటవాడు రెండుసార్లు అన్నాడు. ఎదుటి గోడ కూడా ఆ మాటే తిరిగి అంది.

ఆపైన ఎవరూ కదల్లేదు.

“కదిరప్పా,” అన్నాడు రాజు మెల్లగా, “ఇదీ మీ ఆచారమేనా?”

“కాదు, మహాప్రభో. నిజం.” ఒకసారి మొదలుపెట్టాక కదిరప్ప ఆగలేదు. “కొమ్మ విరిగిపోయింది, నేను చూడలేదు. ఊట పక్క మారింది, నేను చూడలేదు. వనదేవత లేదు, కానుక లేదు. కిందటి వానాకాలం నుంచి నేను ఈ లోయలో కళ్ళు మూసుకుని అరుస్తున్నాను. ఇన్నాళ్ళూ నడిపించింది మీ కింద ఉన్న గుర్రం. ఇప్పుడు నా కింద ఉన్నదానికి నాకంటే ఎక్కువ భయం. దయచేసి ఎవరూ ముందుకు రావద్దు. ఆపైన నా తల మీ ఇష్టం.”

మంత్రి ఆకాశంవంక చూశాడు. తను కొమ్మకు రెండుసార్లు వంగిన సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

రాజు జాజి మీదనుంచి దిగాడు. దిగాక కూడా కళ్ళెం వదల్లేదు.

“నేను అన్నది కూడా నిజమే” అన్నాడు.

ఆ మాట విని వరసంతా దిగింది. వంటవాడు అంతకుముందే దిగి ఉన్నాడు.

కదిరప్ప జాజి పక్కన నిలబడి, గోడకు ఒక చెయ్యి ఆనించి, చాలాకాలానికి మొదటిసారి కళ్ళు తెరిచి కత్తివాదరను చూశాడు. పలకరాయి కింద మన్ను లేదు. వాన కడిగేసింది. రాయి ఊరికే గాలిలో కూర్చుని ఉంది. అతను ఒక బండముక్కను రెండు చేతులా ఎత్తి దానిమీదికి విసిరాడు.

పలకరాయి మూలిగినట్టు చప్పుడు చేసింది. ఒరిగింది. పోయింది.

ఈసారి చప్పుడు కోసం అందరూ ఎదురుచూశారు. రాజు తన మెడ తడుముకున్నాడు, అది ఉన్న చోటే ఉంది.

“ఇంకో దారి ఉందా?” అన్నాడు.

“మేకలదారి ఉంది, మహాప్రభో. చుట్టుదారి. ఎక్కిపోవడం కుదరదు, గుర్రాలను పట్టుకుని నడవాలి. మధ్యలో నాకు భయం వేస్తే ఆగుతాను.”

“ఆగు. మేమూ ఆగుతాము” అన్నాడు రాజు.

అలాగే నడిచారు. కదిరప్ప చూసింది చూసినట్టు అరిచాడు. “ముళ్ళు!” అన్నచోట ముళ్ళే ఉన్నాయి. “తడి!” అన్నచోట తడే ఉంది. చాలాచోట్ల ఆగారు. జలపాతం చేరేసరికి పొద్దు వాలింది. గోడలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. అందరికన్నా ఎక్కువసేపు చూసినవాడు కదిరప్ప. గగనగామి నీళ్ళు తాగి, మైదానం ఎటువైపు అని అడిగింది.

ఊరు చేరాక కదిరప్ప తనంతట తనే ఊరిపెద్దకు అంతా చెప్పాడు. అప్పటికే ఊరికి తెలుసు. వంటవాడు ముందు చేరాడు. ఊరిపెద్ద తలపంకించి, ముందు గుర్రం సుంకులమ్మ అన్నకు ఇచ్చేశాడు. నెల తిరక్కుండానే, రాజు నోట ఈ కథ విన్న పక్కదేశపు బాటసారులు వచ్చారు.

“భయపడే కదిరప్ప అంటే ఎవరండీ? భయం వేస్తే ఆగి, చూసి మరీ నడిపిస్తాడట. మాకు ఆయనే కావాలి” అన్నారు.

“నాకు భయమన్నదే తెలియదు!” అన్నాడు సుంకులమ్మ అన్న.

“అయితే మీరు వద్దు” అన్నారు వాళ్ళు.

అలా ముందు గుర్రం మళ్ళీ కదిరప్పకే వచ్చింది. అతని భయం పూర్తిగా పోలేదు, కానీ మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. ఇక రాతిగుమ్మం సంగతి అడగకండి. నిన్నటిదాకా మీసాలు మెలితిప్పిన మగవాళ్ళంతా బాటసారుల ముందు వణకడం మొదలుపెట్టారు. “మా ఆయన ఇంకా ఎక్కువ భయపడతాడండీ!” అని భార్యలు వీధుల్లో పోటీలు పడ్డారు. ఆ పోటీలో కదిరప్పకు ఏ బహుమానమూ రాలేదు. అతను అప్పటికి లోయలో, కళ్ళు తెరుచుకుని, ముందు నడుస్తున్నాడు.

కనుక పిల్లలూ, పెద్దలూ, తెలుసుకోవలసిన నీతి ఇది: తన భయాన్ని దాచుకున్నవాడు వెనకవాళ్ళను కూడా గుడ్డివాళ్ళను చేస్తాడు, దాన్ని ఒప్పుకుని కళ్ళు తెరిచినవాడే పదిమందికి దారి చూపగలడు.