ప్లిమత్ ఎడమ చక్రం

భూషణానికి కొన్నాళ్లుగా నిద్ర పట్టడం లేదు. బెంగతో కాదు, సంతోషంతో. కారణం ఒక అమెరికా కారు.

తెనాలి దగ్గర మూతపడ్డ రైస్ మిల్లులో, ఊక గోదాము వెనకాల కనబడిందది. పాత ప్లిమత్. గుండ్రటి దీపాలు, వెడల్పాటి క్రోమియం ముఖం, ఇంట్లో సోఫా అంతేసి సీట్లు. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. తలుపుల అడుగుభాగం తుప్పు తినేసింది. అవేవీ భూషణం కంటికి ఆనలేదు. అతనికి అప్పుడే ఆ బండి కొత్త రంగేసుకుని బందరు రోడ్డు మీద పోతున్నట్టు కనిపించింది.

భూషణం విజయవాడ ఆటోనగర్‌లో మీరావలి ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ షెడ్డుకి ఒక ఆచారం ఉంది. సొంతంగా షెడ్డు పెట్టుకోవాలనుకున్న శిష్యుడు, అందరూ వదిలేసిన బండినొకదాన్ని వెతికి కొనుక్కోవాలి. ఉస్తాద్ వచ్చి చూసి దాని మీద చెయ్యి వెయ్యాలి. వేశాడా, ఆ రోజు నుంచి శిష్యుడు కూడా ఉస్తాదే. వెయ్యలేదా, మర్నాడు పొద్దున్నే మళ్లీ పాత షెడ్డుకి వచ్చి పానాలు తుడుచుకోవాల్సిందే.

ఆ ప్లిమత్ కోసం గురుశిష్యులిద్దరూ అద్దె ట్రాలీ ఆటోలో బయల్దేరారు. వెనకాల నాలుగు చక్రాలు, జాకీ, కిరసనాయిలు డబ్బా ఉన్నాయి. దారి పొడుగునా భూషణం నోటికి విశ్రాంతి లేదు. ఇంజను ఎలా దించుతాడో, సీట్లకి ఏ రంగు రెక్సిన్ వేయిస్తాడో చెప్పుకుంటూ పోయాడు.

"హారన్ అయితే ఉస్తాద్, వీధి వీధంతా తిరిగి చూస్తుంది."

"మోగించి చూశావా?"

"బ్యాటరీ ఏదీ, మోగించడానికి?"

"మరి నీకెలా వినిపించిందిరా?" అన్నాడు మీరావలి. భూషణం పగలబడి నవ్వాడు.

మిల్లు దగ్గర మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది. గేటు ముందు ఒక క్రేన్ లారీ నిలబడి ఉంది. సూర్యలంక వైపు కొత్తగా కడుతున్న రిసార్టు వాళ్లది. కారుని మధ్యకి కోసి, ముందు సగాన్ని రిసెప్షన్ బల్లగా పెట్టుకుంటారట. ఆ మాట వినగానే భూషణానికి ఎవరో తన వీపు మీద రంపం పెట్టినట్టయింది.

మిల్లు యజమానురాలు సుభద్రమ్మ గారు వరండాలో వక్కపొడి నములుతూ కూర్చుని ఉంది.

"ఎవరు కొన్నా నాకు ఒకటేనయ్యా," అంది రిసార్టు మనిషితో. "కానీ ఆ బండి ఈ ఇంటికి తన చక్రాల మీద తను వచ్చింది. పోయేటప్పుడూ అలాగే పోవాలి. శవాన్ని లేపినట్టు కొక్కేనికి తగిలించి లేపుతానంటే నేనొప్పుకోను. గేటు దాకా దొర్లించినవాడిదే బండి. ఈ అబ్బాయి ముందొచ్చి అడిగాడు కాబట్టి భోజనాల వేళ దాకా ఇతనికి టైమిస్తున్నా. ఆ తర్వాత మీరు ప్రయత్నం చేసుకోండి."

భూషణం చొక్కా విప్పి పని మొదలెట్టాడు. ముందురోజే వచ్చి చక్రాల బోల్టులన్నిటికీ నూనె పట్టించి వెళ్లాడు కాబట్టి, కుడి వైపు రెండు చక్రాలూ తేలిగ్గా ఊడొచ్చాయి. కొత్తవి ఎక్కించి చేత్తో తిప్పి చూస్తే గిర్రున తిరిగాయి. భూషణం ఒళ్లు గాల్లో తేలిపోతోంది.

"చూశారా ఉస్తాద్! మనకోసమే కాచుక్కూర్చుందిది."

మీరావలి ఖాళీ బస్తా మీద కూర్చుని, సుభద్రమ్మ గారు పంపిన టీ తాగుతున్నాడు.

ఎడమ వైపు బోల్టు కదల్లేదు. భూషణం మళ్లీ నూనె పోశాడు. సుత్తితో తట్టాడు. పానాకి పొడుగాటి పైపు తొడిగి వేలాడాడు. కదల్లేదు. రిసార్టు మనిషి వాచీ చూసుకున్నాడు. క్రేన్ డ్రైవరు గొలుసు సర్దుకోవడం మొదలుపెట్టాడు. వరండాలోంచి పప్పు తాలింపు వాసన వచ్చింది.

భూషణం పైపు మీదకెక్కి రెండు కాళ్లతో ఎగిరి దూకాడు. బోల్టు కీచుమంది. ఇంకొక్క దూకు దూకితే ఊడుతుందనిపించింది. నిజానికి ఇంకొక్క దూకు దూకితే విరిగేది.

మీరావలి లేచాడు. పైపు లాగి పక్కన పడేశాడు. తన గ్లాసులో మిగిలిన టీ భూషణం చేతికిచ్చాడు. తర్వాత చక్రం ముందు గొంతుక్కూర్చుని, కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో బోల్టు తల మీద తుప్పు తుడవసాగాడు. గుడ్డకి లొంగనిది అరచేత్తో రుద్దాడు. ఏ తొందరా లేదు. ఆఖరికి పక్కకి జరిగాడు.

బోల్టు తల మీద 'ఎల్' అనే ఇంగ్లీషు అక్షరం బయటపడింది.

భూషణం గ్లాసు పట్టుకునే వంగి చూశాడు. ఎల్ అంటే లెఫ్టు, ఎడమ మర, రివర్స్ త్రెడ్డు. ఇలాంటి పాత బళ్లకి ఎడమ చక్రాల బోల్టులు ఎదురు తిరుగుతాయి. మామూలుగా విప్పే వైపు తిప్పితే అవి బిగుసుకుంటాయి. జీపుల మీద పని నేర్చుకుంటున్నప్పుడే ఉస్తాద్ చెప్పిన సంగతి అది. తర్వాత చేరినవాళ్లకి భూషణమే ఎన్నోసార్లు చెప్పాడు, మర్చిపోయిన వాళ్లని తిట్టాడు కూడా. ఇంతసేపూ ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అతను విప్పలేదు, బిగించాడు.

"చూస్తూ కూర్చున్నారేంటి ఉస్తాద్? ముందే చెప్పొచ్చుగా."

"నీకు తెలియంది ఏముందని చెప్పను?"

భూషణం టీ చివరి చుక్క దాకా తాగాడు. పానా తగిలించి, ఈసారి ఎదురు వైపుకి నొక్కాడు. టక్కుమంది. ఆ చప్పుడుకి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్కొక్క బోల్టే దిగింది. చక్రాలు మారాయి. ట్రాలీ డ్రైవరొచ్చి వెనక నుంచి తోశాడు, రిసార్టు మనిషి కూడా ఉండబట్టలేక ఓ చెయ్యి వేశాడు. ప్లిమత్ ఒకసారి మూలిగి, ఊక మీద గాడి పెట్టుకుంటూ కదిలింది. సుభద్రమ్మ గారు గేటు రెక్కలు రెండూ స్వయంగా తీసింది.

రోడ్డు మీదకొచ్చాక భూషణం ఊపిరి పీల్చుకున్నాడు. బానెట్ వైపు చూశాడు, ఉస్తాద్ వైపు చూశాడు. మీరావలి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఉస్తాద్... మీరు బండి మీద ఇంకా చెయ్యి వెయ్యలేదు."

మీరావలి కుడి అరచెయ్యి తెరిచి అతని ముందు పెట్టాడు. గీతలన్నిటి నిండా తుప్పు, నల్లటి జిడ్డు.

"మరి ఇదెక్కడ అంటుకుందంటావు?"