స్తంభం మీది పాట

పరాంకుశం మాష్టారిని ఏ ఇంగ్లీషు మాటకైనా అర్థం అడిగితే చెప్పరు. "ఎవరన్నారు? ఎక్కడ నిలబడి అన్నారు?" అని ఎదురు అడుగుతారు. ఉద్యోగాల కోసం ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకునే మాకు ఇది మొదట్లో విసుగు పుట్టించింది, తరవాత అలవాటైపోయింది. జోజికి మాత్రం కాలేదు. వాడు ఇంగ్లీషు మాటల్ని ఊరగాయలా వాడతాడు. విస్తట్లో ఏమున్నా పక్కన అది పడాల్సిందే.

ఆ రోజు పొద్దున వీధిలో కరెంటు లేదు. కిటికీ ఎదుట స్తంభం మీద, నడుముకు బెల్టు కట్టుకుని, లైన్‌మన్ నాగూరు తీగలు బిగిస్తున్నాడు. బిగిస్తూ గొంతెత్తి పాడుతున్నాడు. అది ఏ పాటో దాన్ని కట్టినవాడు కూడా పోల్చుకోలేడు. తీగల మీది కాకులు అప్పటికే పక్క వీధికి కాపురం మార్చేశాయి.

జోజి కిటికీలోంచి వేలు తుపాకీలా గురిపెట్టి "జాప్!" అన్నాడు. మేమంతా నవ్వాం. మాష్టారు నవ్వలేదు. అది చూసి వాడు సర్దుకుని, బుద్ధిమంతుడి ముఖం పెట్టి, "జాప్ అంటే సరిగ్గా ఏమిటండీ? కరెంటు కొట్టిన చప్పుడేనా? ఎక్కడెక్కడ వాడొచ్చు?" అని అడిగాడు.

"ఎవరన్నారు?"

"నేనేనండి."

"ఎక్కడ నిలబడి?"

"ఇక్కడే... నేల మీద."

"కూర్చో," అని మాష్టారు కిటికీ వైపు చూపించారు. స్తంభం కింద ఒక పెద్దాయన తల పైకెత్తి నిలబడి ఉన్నాడు. పోలయ్య, నాగూరుకి మేనమామ. ఆయనా లైన్‌మనే. మాష్టారు చెప్పిన సంగతి ఇది.

నాగూరు తండ్రి సైదులు కూడా ఇదే వీధిలో స్తంభాలెక్కేవాడు. కింద ఎప్పుడూ బావమరిది పోలయ్యే. పోలయ్య కూతురు చూసే కార్టూన్లో ఎవడో ఎవడికో కరెంటు పెడితే జాప్ అని వినిపించేదట. అది పోలయ్య నోటికి పట్టింది. సైదులు తీగ మీద చెయ్యి వెయ్యగానే కింది నుంచి "జాప్!" అనేవాడు. వెంటనే సైదులు బెల్టుకు వేళ్ళాడుతూ కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నాలుక బయట పెట్టి చచ్చిపోయేవాడు. వీధి పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. అరుగుల మీది ఆడవాళ్ళు "నీ నటన తగలెయ్య, దిగవయ్యా!" అని నవ్వేవాళ్ళు.

ఒకసారి పెళ్ళిళ్ళ రోజుల్లో, ఎండ పొద్దున్నే మండుతున్నప్పుడు, ఇద్దరూ వచ్చారు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి సరఫరా ఆపించారు. ఆపించాక కూడా తీగల మీద గొలుసు వేసి భూమికి కలపాలి. ఎటు నుంచి కరెంటు వచ్చినా ఆ గొలుసు దాన్ని మట్టిలోకి దింపేస్తుంది. ఇద్దరికీ తెలుసు. చిన్న పనికి అదెందుకులే అనుకున్నారు. గొలుసు బండి పెట్టెలోనే ఉండిపోయింది.

సైదులు ఎక్కాడు. తీగ పట్టుకున్నాడు. "జాప్!" అన్నాడు పోలయ్య. సైదులు శాస్త్రోక్తంగా చచ్చిపోయి, బతికి, పని మొదలెట్టాడు.

కాసేపటికి మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టాడు.

పోలయ్య నోట్లోని బీడీ తీసి పకపకా నవ్వాడు. "నేనింకా జాప్ అననే లేదుగా బావా!"

వీధంతా నవ్వింది. ఇంతకు ముందెప్పుడూ ఇంత బాగా చెయ్యలేదన్నారు. అప్పుడు వీధి చివర ఫంక్షన్ హాల్లో మైకు మోగింది. కరెంటు లేని వీధిలో మైకు ఎలా మోగుతోందని ఎవరికో తట్టింది. హాలువాళ్ళు జనరేటరు వేశారు. వేసేముందు లైను నుంచి విడదియ్యాల్సిన స్విచ్చి మరిచిపోయారు. వాళ్ళ కరెంటు వెనక్కి నడిచి స్తంభం దాకా వచ్చింది.

సైదుల్ని తీగ నుంచి తోసి విడిపించడానికి పోలయ్య వెదురుగడ కోసం పరిగెత్తాడు. గడ తెచ్చేసరికి సైదులు కదలడం మానేశాడు.

"సైదులు ఉద్యోగం కొడుక్కిచ్చారు," అన్నారు మాష్టారు. "ఇచ్చిన రోజే పోలయ్య తనను కూడా వాడితోనే డ్యూటీకి వెయ్యమని ఇంజనీరు గారి కాళ్ళ మీద పడ్డాడు. ఇప్పుడు ముందు గొలుసు, తరవాతే నిచ్చెన. ఇంకొక షరతు కూడా పెట్టాడు. స్తంభం మీద ఉన్నంతసేపూ వాడు పాడుతూనే ఉండాలి."

మేము కిటికీ వైపు తిరిగాం. ఆ పాట ఇందాకటిలా వినిపించలేదు. చరణం మధ్యలో ఉంది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

జోజి లేచి నిలబడ్డాడు. బెంచీ కిర్రుమంది. కింద పోలయ్య రెండు చేతులా వెదురుగడ అందుకున్నాడు.

"ఒరే నాగూరూ!"

గడ కొన తీగల వైపు లేచింది.

"పాడరా!"

"ఉండు మామా," అంటూ నాగూరు దేన్నో ఊశాడు. అది టంగుమని రోడ్డు మీద పడింది. "బోల్టు పళ్ళ మధ్య పెట్టుకున్నా!"

"ఈసారి జేబులో పెట్టుకుని చావు! పాడు ముందు!"

పాట మళ్ళీ అందుకుంది, ముందుకన్నా అధ్వాన్నంగా. పోలయ్య గడ దించలేదు. జోజి ఇంకా నిలబడే ఉన్నాడు.

"చప్పుడేమిటని అడిగావు కదా," అన్నారు మాష్టారు. "ఇందాక పాట ఆగగానే ఏం వినిపించింది?"

"ఏమీ వినిపించలేదండీ."

"ఊఁ," అన్నారు మాష్టారు. "ఇక ఆ మాట వాడుకో."