తడి తూకం

సింగవరం దొరకి మనుషుల మీద కన్నా కాటా మీద నమ్మకం ఎక్కువ. మాసిన బట్టలు కూడా తూచి ఇచ్చేవాడు, ఉతికి తెచ్చాక మళ్ళీ తూచి తీసుకునేవాడు.

ఒకసారి వేటకెళ్ళి వానలో ముద్దగా తడిసొచ్చి, విప్పిన బట్టలు అలాగే తూచి చాకలి నూకాలుకి వేయించాడు. ఆమె ఉతికి ఆరేసి తెచ్చేసరికి తూకం తగ్గింది.

“గుడ్డ కాజేశావు. తెల్లారేసరికి ఊరొదిలి పో,” అన్నాడు దొర.

పిల్లల్ని వేసుకుని నూకాలు ఏ ఊరు పోతుంది?

“తడి ఆరిపోయింది బాబూ,” అంది మెల్లగా.

“గాల్లో కలిసిపోయే తడికి బరువేమిటే? నా కాటా అబద్ధమాడదు.”

నూకాలు ఉతికిన మూటలోంచి ఒక తువ్వాలు తీసి కాటాలో వేసి, రెండో పళ్ళెంలో సరితూగే రాళ్ళు పెట్టించింది.

“తమరు స్నానం చేసి దీంతోనే ఒళ్ళు తుడుచుకోండి బాబూ. ఇదొక్కటీ చూసి పోతాను.”

దొర స్నానం చేసొచ్చి, తుడుచుకున్న తువ్వాలుని తనే కాటాలో పడేశాడు. పళ్ళెం కిందికి దిగిపోయింది.

“తూకం తగ్గితే నేను గుడ్డ కాజేశానన్నారు. ఇప్పుడు పెరిగింది,” అంది నూకాలు చేతులు కట్టుకుని. “ఈ ఎక్కువ గుడ్డ తమరు ఎవరింట్లోంచి తెచ్చారు బాబూ?”

తలుపు చాటున దొరసాని కిసుక్కున నవ్వింది. దొర కాటా వంక చూశాడు, తువ్వాలు వంక చూశాడు.

“ఇంటికి పోవే. ఇకమీదట లెక్కపెట్టి వేయిస్తాలే.”

వీధి మలుపు తిరిగాక నూకాలు ఎవరిదో అరుగు మీద కూలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. ఈ సంగతి పిల్లలకి చెప్పక్కర్లేదనుకుని, లేచి, వాళ్ళకి అన్నం వండడానికి ఇంటికి నడిచింది.