అమ్మలను ఎత్తుకుపోయే మాంత్రికుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడు కోటలున్నాయి, ఏడు గజశాలలున్నాయి గానీ ఒక్క సముద్రం లేదు. రాజ్యమంతా మెట్టసీమ. ఎటు చూసినా కొండలు, రాళ్లు, సజ్జచేలు.

ఆ రాజు పేరు రత్నకేతు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు, రెండోవాడు శూరకేతు. మూడోవాడు పుట్టేసరికి రాజుగారికి పేర్లు అయిపోయాయి, చిన్నకేతు అని ఊరుకున్నాడు. రాణి మాలతీదేవి పుట్టిల్లు సముద్రం ఒడ్డు. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమె ఏటేటా ఒక్కసారి సముద్రం చూసి వద్దామండీ అని అడిగేది. రాజుగారు ఏటేటా వచ్చే ఏడు చూద్దాంలే అనేవాడు. అలా అంటూ అంటూ ఉండగానే కొడుకులకు మీసాలొచ్చాయి.

చివరికి ఒక వేసవిలో రాణిగారు అలిగి మూడు పూటలు అన్నం ముట్టలేదు. నాలుగో పూటకల్లా పల్లకీలు సిద్ధమయ్యాయి.

సముద్రం ఒడ్డున డేరాలు వేశారో లేదో, మాలతీదేవి తను రాణినన్న సంగతి మరిచిపోయి చెప్పులు విడిచి నీళ్లలోకి పరుగెత్తింది. మోకాటిలోతు నీళ్లలో నిలబడి అరచేత్తో నీటిమీద టపటపా కొట్టింది. దూరాన నల్లని వీపులు తేలాయి, మునిగాయి, మళ్లీ తేలాయి. పెద్దవాడు బెదిరిపోయి, అమ్మా వెనక్కి రా, దున్నపోతులు ఈదుకుంటూ వస్తున్నాయి అని కేక పెట్టాడు. నవ్వకండర్రా, మెట్టసీమవాడు, వాడికేం తెలుసు? మీరు డాల్ఫిన్లంటారే, అవీ అవి. గుంపుగా వచ్చి రాణి చుట్టూ గంతులేశాయి. రాణి పడీపడీ నవ్వింది. చిన్నకేతు ఒడ్డున నిలబడి అమ్మనే చూశాడు. అమ్మ అంతగా నవ్వగలదని వాడికి అంతవరకూ తెలియదు. ఇన్నేళ్లూ ఎందుకు తీసుకురాలేదా అని వాడికి నాన్నమీద కోపం వచ్చింది, అమ్మమీద బోలెడు జాలి వేసింది.

మూడో రోజు పొద్దున ఆకాశంలోంచి పొగలాంటి జుట్టు విరబోసుకుని, తాటాకు చాప మీద కూచుని ఒక మాంత్రికుడు దిగాడు. వాడి పేరు ధూమ్రకేశుడు. లోకంలో మాంత్రికులందరూ రాజకుమార్తెలను ఎత్తుకుపోతారు. వీడు అలా కాదు, అమ్మలను ఎత్తుకుపోతాడు. అందరూ చూస్తుండగానే మాలతీదేవిని చాపమీద కూచోబెట్టుకుని సముద్రం మీదుగా ఎగిరిపోయాడు.

రాజు కుప్పకూలిపోయాడు. పెద్దకొడుకు పెద్ద ఓడ ఎక్కి, వాడి తల తెస్తానని బయల్దేరాడు. రెండోవాడు రెండో ఓడ ఎక్కి, అన్న తల తెస్తే నేను మొండెం తెస్తానని బయల్దేరాడు. మూడోవాడికి ఓడ మిగల్లేదు. వాడు నీళ్లలోకి దిగి, ఏం చెయ్యాలో తోచక, అమ్మ కొట్టినట్టే అరచేత్తో నీటిమీద కొట్టాడు. కొడుతూ ఏడ్చాడు.

ఒక్క డాల్ఫిన్ వచ్చింది. ముసలిది కాదు గానీ కళ్లకింద బాగా అలసట ఉంది. అది మనిషిలా మాట్లాడింది.

"ఏడవకు నాయనా. మీ అమ్మను రాళ్లదీవికి తీసుకుపోయాడు. నేను కళ్లారా చూశాను."

ఆ తరవాత అది తన కథ చెప్పుకుంది. దాని చంటిపిల్ల ఒకనాడు అలల్లో ఆడుతూ కనబడకుండా పోయింది. దానికోసం తల్లి ఏడు సముద్రాలూ గాలించింది. రాళ్లదీవి పక్కగా వెళ్లినప్పుడల్లా లోపల ఏడుస్తున్న ఆడవాళ్ల గొంతులు వినిపించేవి. మాంత్రికుడు ఎత్తుకుపోయిన ప్రతి తల్లికీ మూడు పనులు పెడతాడట. వాడికి కడుపు నిండిందనిపించేలా అన్నం పెట్టాలి, మనసారా నవ్వించాలి, నిద్రపుచ్చాలి. పున్నమి చంద్రుడు పైకొచ్చేలోగా మూడూ చెయ్యలేకపోతే ఆ తల్లిని రాయి చేసేస్తాడు. ఇంతవరకూ ఒక్క తల్లీ గెలవలేదు.

పున్నమి ఇంక మూడు రోజులే ఉంది. చిన్నకేతు కళ్లు తుడుచుకున్నాడు.

"నన్ను అక్కడికి చేర్చు తల్లీ. మా అమ్మను వెతుక్కుంటూ నీ బిడ్డనూ వెతుకుతాను. కనబడితే నీ దగ్గరికి చేర్చకుండా ఇంటికి వెళ్లను."

డాల్ఫిన్ వీపు వంచింది, వాడు ఎక్కి కూచున్నాడు.

మొదటి రోజుకు గవ్వలదీవి వచ్చింది. అక్కడ ఇసుక కనబడదు, అన్నీ గవ్వలే. ఒకటి తీస్తే దాని పక్కన ఇంకా అందమైనది ఉంటుంది, అది తీస్తే దాని పక్కన ఇంకా అందమైనది. పెద్దన్న ఓడ అక్కడే ఆగి ఉంది. అన్న కిరీటం తిరగేసి నిండా గవ్వలు ఏరుకుంటూ, ఈ ఒక్కటీ ఏరుకుని వస్తాను తమ్ముడూ అన్నాడు. చిన్నకేతు కూడా ఒక గవ్వ తీశాడు. అమ్మకు చూపిద్దామని వెనక్కి తిరిగాడు. వెనక అమ్మ లేదు. గవ్వను అక్కడే పెట్టేసి డాల్ఫిన్ ఎక్కాడు.

రెండో రోజుకు తేనెదీవి వచ్చింది. చెట్టునిండా పళ్లు, పండునిండా తేనె. చిన్నన్న చెట్టుకింద కాళ్లు చాపుకుని, ఈ ఒక్కటీ తిని వస్తాను తమ్ముడూ అన్నాడు, గడ్డంనిండా రసం కారుతుంటే. చిన్నకేతు ఆకలిమీద ఒక పండు కొరికాడు. ఎంతో తియ్యగా ఉంది. ఈ పూట అమ్మ అన్నం తిన్నదో లేదో అనుకునేసరికి అది గొంతు దిగలేదు.

మూడో రోజు మధ్యాహ్నానికి రాళ్లదీవి వచ్చింది. చుట్టూ మనిషెత్తు రాతిగోడ. డాల్ఫిన్ బయటే ఆగిపోయింది, చిన్నకేతు గోడ ఎక్కి లోపలికి దూకాడు.

లోపల వరసగా రాతిబొమ్మలు కూచుని ఉన్నాయి. అన్నీ ఆడవాళ్లే. ఒకామె చేతిలో గరిటె, ఒకామె ఒడిలో ఎవరూ లేకపోయినా జోకొడుతున్న చెయ్యి. ఒక్కొక్క బొమ్మకూ ఎండ తగలకుండా తాటాకు గొడుగు కట్టి ఉంది, నుదుట కుంకుమ పెట్టి ఉంది. ఒక అమ్మాయి కడవతో నీళ్లు తెచ్చి ఒక బొమ్మకు మొహం కడుగుతూ ఉంది. పేరు మంకెన. ముత్యాలదీవి రాకుమారి. తల్లిని విడిపించుకుందామని పడవ వేసుకుని వచ్చేసరికే తల్లి రాయి అయిపోయింది. వదిలి వెళ్లలేక, మిగతా తల్లులకు కూడా ఎవరూ లేరని, అందరికీ స్నానాలు చేయిస్తూ అక్కడే ఉండిపోయింది. మాంత్రికుడు ఆమెను ఏమీ అనడు. ఎందుకో ఆ అమ్మాయి చేసే చాకిరీ వాడికి ఇష్టం.

చిన్నకేతు వచ్చిన పని చెప్పాడు. మంకెన వాడిని మాంత్రికుడి ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ పంజరంలో ఒక చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంటుందో మీకు తెలుసు కదా? చిన్నకేతుకీ తెలుసు. ఒక్క దూకు దూకి చిలక మెడ పట్టుకున్నాడు.

"వదలవయ్యా," అన్నది చిలక, ఉక్కిరిబిక్కిరవుతూ. "వచ్చినవాడల్లా నా మెడే పట్టుకుంటాడు. నాలో ఉన్నది నా ప్రాణం ఒక్కటే. వాడిది అదిగో, ఆ మడుగులో ఉంది."

చిన్నకేతు సిగ్గుపడి చిలకకు దణ్ణం పెట్టి మడుగు దగ్గరికి వెళ్లాడు. సముద్రానికీ మడుగుకీ మధ్య రాతిగోడ. అందులో బారెడు పొడవున్న డాల్ఫిన్ పిల్ల ఒక్కతే గుండ్రంగా తిరుగుతోంది. అది ఎన్నటికీ పెరగకుండా మాంత్రికుడు మంత్రం వేశాడు. తన ప్రాణాన్ని దానిలో దాచి, ఎవరికీ దొరకకూడదని గోడ కట్టేశాడు. అది చిన్నకేతును చూడగానే వచ్చి ముట్టెను వాడి అరచేతిలో పెట్టింది.

మంకెన నడుమునుంచి బాకు తీసి వాడికి ఇచ్చింది.

"ఇది చస్తే వాడు చస్తాడు, మా అమ్మలు లేస్తారు," అన్నది. "నేను మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ నా వేళ్లు పట్టుకుని ఆడింది, చెయ్యి రాలేదు. నీ చేతికైనా ధైర్యం ఉందేమో చూడు."

చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చేసింది.

పొద్దు వాలుతోంది. చంద్రుడొస్తే అమ్మ రాయి అయిపోతుంది. ఇటు చేతిలో పిల్ల ముట్టె, గోడ అవతల దాని తల్లి. ఆ తల్లికి తనే మాట ఇచ్చాడు. చిన్నకేతు బాకును మడుగు గట్టున పెట్టాడు. తరవాత మంకెనను ఒక మాట అడిగాడు. ఇన్ని రోజులుగా చూస్తున్నావు కదా, ఆ మాంత్రికుడు ఎలా ఉంటాడు?

ఎలా ఉంటాడేమిటి, అన్నది మంకెన. పంచభక్ష్యాలు పెట్టినా కడుపు నిండదంటాడు. కళ్లు మూసుకుంటాడు గానీ నిద్ర రాదు. సందెవేళ ఊరికే ఏడుస్తాడు. ఎందుకు నాయనా ఏడుస్తున్నావు అని ఒకమ్మ అడిగితే, తెలిస్తే నీకెందుకు చెప్పనూ అని విసుక్కుని ఆ పున్నమికే రాయిని చేశాడు.

చిన్నకేతు పిల్ల తల నిమురుతూ అన్నాడు:

"వాడి ప్రాణం దీనిలో ఉంది. ఇది అమ్మకోసం బెంగపెట్టుకుంది. ఆ బెంగ ఎవరిదో తెలియకే వాడు ఊరి అమ్మలందరినీ ఎత్తుకొస్తున్నాడు. దీన్ని వాళ్లమ్మ దగ్గరికి చేర్చి చూద్దాం."

అలా కాకపోతే, అని అడిగింది మంకెన. కాకపోతే మా అమ్మ కూడా ఇక్కడే ఉంటుంది, ఇద్దరం కలిసి స్నానాలు చేయిద్దాం అన్నాడు వాడు. మంకెన బాకును దూరంగా విసిరేసి, తన చీరచెంగు చించి నీళ్లలో తడిపింది.

ఆ తడిగుడ్డలో పిల్లను చుట్టి ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని గోడమీదికి ఎక్కించారు. ఇంత చేస్తే ఏమయింది? అవతల సముద్రం ఇంకా దిగువనే ఉంది, అడుగునంతా పదునైన రాళ్లు. పిల్లను వదిలితే పచ్చడైపోతుంది. పున్నమి పోటు రావాలి, నీళ్లు గోడదాకా లేవాలి. పోటు వచ్చేది చంద్రుడితోనే. ఇద్దరూ పిల్లమీద దోసిళ్లతో నీళ్లు చల్లుతూ, ఒక కన్ను తూరుపు మీద, ఒక కన్ను నీళ్లమీద పెట్టుకుని కూచున్నారు. కింద తల్లి పిలుస్తోంది, పైన పిల్ల పలుకుతోంది.

అదే వేళకు మాంత్రికుడి ఇంట్లో మాలతీదేవి తనకు వచ్చిన వంటలన్నీ వండిపెట్టింది. వాడు గంపెడన్నం తిని కడుపు నిండలేదన్నాడు. తనకు వచ్చిన కబుర్లన్నీ చెప్పింది, వాడు నవ్వలేదు. తనకు వచ్చిన జోలపాటలన్నీ పాడింది, వాడికి కన్ను మూతపడలేదు. కిటికీలో చంద్రుడి అంచు కనబడింది. వాడు లేచి మంత్రదండం ఎత్తాడు.

సరిగ్గా అప్పుడు నీళ్లు గోడను తాకాయి. పిల్ల జారి తల్లి పక్కన పడింది. తల్లి దాన్ని ముట్టెతో పైకెత్తింది, ఊపిరి తీసుకోనిచ్చింది, ఒకసారి ఒళ్లంతా తడిమి చూసుకుంది. పిల్ల తల్లి పొట్టకింద దూరి పాలు తాగడం మొదలుపెట్టింది.

చిన్నకేతు అది చూసి, వెనక్కి తిరిగి, అమ్మా అని అరుస్తూ మాంత్రికుడి ఇంటికి పరుగెత్తాడు. ఒక్క తన్నుతో తలుపు తీశాడు. లోపల వాళ్లమ్మ నేలమీద కూచుని ఉంది. ఆమె ఒడిలో తల పెట్టుకుని ధూమ్రకేశుడు పడుకుని ఉన్నాడు. దండం ఓ పక్క విరిగిపడి ఉంది. మాలతీదేవి కొడుకును చూసింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. కానీ వేలు పెదవులమీద పెట్టుకుంది.

"మెల్లగా రా నాయనా. కడుపు నిండిందన్నాడు, నవ్వాడు, ఇప్పుడే నిద్రపోయాడు. ఎన్నాళ్లయిందో పాపం."

బయట రాళ్లన్నీ ఒక్కొక్కటిగా ఒళ్లు విరుచుకుని లేచాయి. మంకెన వాళ్లమ్మ లేస్తూనే, అదేమిటే చీరచెంగు అలా చించుకున్నావు అని కూతుర్ని కోప్పడింది. మంకెన ఆమె మెడ పట్టుకుని వదల్లేదు.

ధూమ్రకేశుడు ఏడు రోజులు నిద్రపోయి లేచి, అమ్మలందరి కాళ్లమీదా పడ్డాడు. ఎవరి అమ్మను వాళ్ల ఇంటికి చాపమీద తనే దింపి వచ్చాడు. దారిలో అన్నలిద్దరినీ చెవులు పట్టుకుని తీసుకొచ్చినవాడూ వాడే. చిన్నకేతుకూ మంకెనకూ పెళ్లయింది. పెళ్లికి అంతమంది అమ్మలూ వచ్చారు, అంతమందీ ఇంకాస్త తిను, ఇంకాస్త తిను అని వడ్డించారు. రత్నకేతు మహారాజు కొలువును ఏటా వేసవికి సముద్రం ఒడ్డుకే మార్చేశాడు, ఎవరూ అలగకుండానే. ముత్యాలదీవిని చిన్నకేతు, మంకెన చాలాకాలం చల్లగా ఏలారు.

మాంత్రికుడు ఒడ్డునే ఒక గుడిసె వేసుకున్నాడు. పిల్లలను పడవలో ఎక్కించుకుని డాల్ఫిన్లను చూపించడం వాడి పని. ముసలివాడయ్యాక ఒకరోజు పొద్దున్నే లేచి, కారణం తెలియకుండానే పొంగిపోయాడు. ఒకచోట నిలవలేక, బుట్టనిండా బెల్లం కొని ఇంటింటికీ తిరిగి పంచిపెట్టాడు. ఏమిటి తాతా విశేషం అని అడిగినవాళ్లకు, ఏమో నాయనా, తెలియదు, తినండి అన్నాడు. అదే రోజు సముద్రంలో ఆ డాల్ఫిన్ పిల్ల, ఇప్పుడది పెద్దదయింది కదా, తన మొదటి బిడ్డను పైకెత్తి గాలి చూపిస్తోంది.

కథ అలలమీద వెళ్లిపోయింది. లేవండి, అమ్మ అన్నాలకు పిలుస్తోంది.