దున్నపోతంటే కోపమొచ్చిన దున్నపోతు

పెద్దవాగు అవతల గుట్ట మీద టవరు వేశారండీ. అంతే, అడవికి నిద్ర కరువైంది. కోతులకు ఫొటోల పిచ్చి, చిలకలకు వాయిస్ మెసేజీల పిచ్చి. పెళ్లీడు జంతువులైతే పొద్దస్తమానం 'జతగూడు' అనే యాప్‌లోనే. గిట్టలతో టైపెలా కొడతాయని నన్నడక్కండి, పది వేళ్లున్న నేనే సరిగ్గా కొట్టి చావలేను.

ఆ వాగొడ్డు మందలో చుక్కమ్మ అని ఓ పడుచు గేదె ఉండేది. నుదుట తెల్లచుక్క, నోట పదునైన మాట. దాని వీపు మీదే కాపురం పెట్టిన కొంగ వరహాలత్త, ముక్కుతో టకటకా మెసేజీలు కొట్టిపెట్టేది. ఓ రోజు సంగతి. మర్నాడు తెల్లారగానే మంద పైకొండకు మేతకు వెళ్లిపోతోంది. అక్కడ సిగ్నల్ ఉండదు. నచ్చినవాడుంటే పొద్దుగూకేలోగా మాటిచ్చి వాడి దగ్గరికి చేరుకోవాలి, లేదంటే మళ్లీ ఏడాది దాకా ఒంటరి బతుకే.

వడగట్టగా వడగట్టగా ఇద్దరు మిగిలారు. ఒకడు ఎగువ మడుగులో ఉండే బురదయ్య. రెండోవాడి పేరు మహిషరాజు, ఫొటోలో ఆ కొమ్ములు చూస్తే కళ్లు తిరుగుతాయి. తిరగవూ మరి! ఆ ఫొటో ఎవరిదో ఏమో. ఫోను పట్టుకున్నది మాత్రం గుంటనక్క. కాలు కుంటైన పులితో వాడికో ఒప్పందం ఉంది. గేదెను ఒంటరిగా రేవుకి రప్పించాలి, పులి తినగా మిగిలింది వాడికి.

"నీ మొహం పున్నమి చంద్రుడు" అని పెట్టాడు మహిషరాజు.

"నేను కారునలుపు కదా?" అంది చుక్కమ్మ.

"అయితే అమావాస్య చంద్రుడు. నీది హంసనడక."

కొంగ పడీపడీ నవ్వింది. "హంసనడకేంటే! నువ్వు అడుగేస్తే గట్టు కూలుతుంది."

"అననీ అత్తా. ఇన్నాళ్లూ ఎవరన్నారు గనక?" అంది చుక్కమ్మ. నిజం చెప్పొద్దూ, దాని మనసు అటే జారుతోంది. పొగడ్త ఎవరికి చేదు చెప్పండి?

"ఒసే పిచ్చిదానా, ఇద్దర్నీ కాస్త గిల్లి చూడవే" అంది వరహాలత్త.

సరేనని ఇద్దరికీ ఒకే మెసేజి పెట్టారు: "నీలాంటివాళ్లు నా వెంట డజనుమంది పడుతున్నారు. నీ గొప్పేంటట?"

బురదయ్య జవాబు: "నేను పదమూడోవాణ్ణి. డజనులో కలవను."

చుక్కమ్మ చెవులు రెండూ ఆడాయి.

మహిషరాజు జవాబు: "ఆ డజనుమందీ నా కాలిగోటికి చాలరు."

"గోరా? గిట్టలవాడికి గోరెక్కడిదే?" అంది కొంగ.

"మాటవరసకి అన్నాడులే అత్తా. ఇంకోటి కొట్టు. అద్దంలో మొహం ఎప్పుడైనా చూసుకున్నావా అని అడుగు."

బురదయ్య: "మడుగులో చూసుకున్నా. చేపలన్నీ పారిపోయాయి. అప్పట్నించీ మడుగు ఖాళీ, నీకూ బోలెడు చోటుంది."

మహిషరాజు: "నా అందం గురించి మాట్లాడే అర్హత నీకు లేదు!" వెంటనే ఇంకోటి: "ఊరికే అన్నాలే, బంగారం." అందితే జుట్టు, అందకపోతే కాళ్లు!

చుక్కమ్మకి బురదయ్యను ఇంకాస్త ఏడిపించాలనిపించింది. "జవాబుకి ఇంతింత సేపా? మొద్దువా ఏంటి?" అంది.

చాలాసేపటికి వచ్చింది జవాబు. "నెమరేస్తున్నా. నీ మాట ఒక్కసారి మింగితే సరిపోవట్లేదు."

"అమ్మో! వీడు భలేవాడే!" అని చుక్కమ్మ సిగ్గుతో మెడదాకా బురదలో కూరుకుపోయింది. కానీ ఆ కొమ్ముల ఫొటో మళ్లీ తీసి చూసింది. మనసు కదండీ, ఒక్కచోట నిలుస్తుందా?

పొద్దు వాలుతోంది. మహిషరాజు తొందరపెట్టాడు. "రేవుకి వచ్చెయ్. ఒంటరిగా రా. రాకపోతే నేను బతకను."

"అంత ప్రేమున్నవాడు తనే రావచ్చుగా? మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు" అని గొణిగింది కొంగ.

"పాపం, చచ్చిపోతానంటున్నాడత్తా!" అంటూ చుక్కమ్మ లేచి అడుగెత్తింది.

"ఆగవే! వెళ్దువుగాని, ఆఖరిసారి గిల్లుదాం. తిట్టి చూడు. మనుషులు తిట్టుకుంటారే, ఆ తిట్టు."

ఇద్దరికీ వెళ్లింది మెసేజి: "పోరా దున్నపోతా!"

బురదయ్య: "పొమ్మన్నావా, పిలిచావా? పేరు పెట్టి పిలిచావు కాబట్టి వచ్చేస్తున్నా."

మహిషరాజు: "మర్యాద మర్యాద! ఎవర్ని పట్టుకుని దున్నపోతంటున్నావు? మా ఏడు తరాల్లో దున్నపోతన్నవాడు లేడు!"

కొంగ ఫోను వంక చూసింది, చుక్కమ్మ వంక చూసింది. "దున్నపోతును దున్నపోతంటే కోపమెందుకే?"

చుక్కమ్మ ఎత్తిన కాలు దించేసింది. "అయితే... వీడెవడత్తా?"

"కాలికి గోళ్లు, నోట్లో తేనె, ఒంటరిగా రమ్మనడం. ఈ అడవిలో ఇంకెవరే? ఉండు, వాడి నోటితోనే చెప్పిస్తా" అని కొంగ తీరిగ్గా టైపు కొట్టింది. "కోపం తగ్గించుకో. ఇంతకీ ఏ రేవుకి రమ్మన్నావు, నక్కబావా?"

మరుక్షణమే జవాబు: "రెల్లుపొదల రేవుకి, బంగారం. త్వరగా రా!"

సొంతపేరు కదా, వాడికి తేడా కూడా తెలియలేదు.

"వస్తున్నా" అని పెట్టింది చుక్కమ్మ. ఆడినమాట తప్పలేదు, వెళ్లింది. కాకపోతే వెనక నలభై గేదెల మంద. పక్కన, పిలవగానే పరిగెత్తుకొచ్చిన బురదయ్య.

రెల్లుపొదలో నక్క గుసగుసలాడింది. "పులిమామా, సిద్ధంగా ఉండు. ఒక్కతే వస్తోంది."

"ఒక్కదానికి ఇంత దుమ్మేమిట్రా?" అంది పులి.

నక్క తలెత్తి చూసేలోపే బురదయ్య కొమ్ము తగిలింది. నక్క ఎగిరి వాగు మధ్యలో పడింది. ఫోను మునిగింది. పులి కుంటుకుంటూనే వాగు దాటి పారిపోతూ, "నక్కా, నువ్వు బతికి గట్టెక్కితే నీ సంగతి నేను చూస్తా" అంది. పాపం, ఇటు గట్టున మంద, అటు గట్టున మామ. నక్క నడివాగులో బండరాయి పట్టుకుని వేలాడుతూ ఉండిపోయింది.

చుక్కమ్మ బురదయ్యను ఎగాదిగా చూసింది. "అన్నేసి మాటలన్నాను కదా, నీకు కోపం రాలేదా?"

"ఆటకి పిలిస్తే పోట్లాటకి వస్తానా ఏంటి?" అన్నాడు బురదయ్య.

మర్నాడు మంద కొండెక్కింది. చుక్కమ్మ మాత్రం ఎగువ మడుగులో దిగింది.

నీతి: పొగిడేటప్పుడు ప్రతివాడూ రాజే, ఆటపట్టిస్తే గానీ అసలు రంగు బయటపడదు.