తెప్ప ముందు పవారణ

"రేపు నేను సభలో కూర్చోలేను భంతే" అన్నాడు రేవతుడు గురువుతో.

నాగబోధి స్థవిరుడు తన భిక్షాపాత్రను ఎండలో బోర్లించి, దాని అడుగున పడ్డ గీతను వేలితో తడుముతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. చూపు తగ్గింది గాని చెవులు మాత్రం ఇంకా పదునే.

"జ్వరమా?"

"కాదు భంతే."

"మరి?"

రేవతుడు నేలకేసి చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

వంశధార సముద్రంలో కలిసే చోట, కొండమీద ఉన్న విహారం అది. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు దేశం తిరగడం మానేసి అక్కడే ఉండేవారు. కిందనున్న పల్లెకు వెళ్ళి భిక్ష తెచ్చుకునేవారు, అంతే. ఆశ్వయుజ పున్నమితో ఆ వాసం ముగుస్తుంది. ఆ రోజు పవారణ జరుగుతుంది. ఒక్కొక్కరే మడమల మీద గొంతుకూర్చుని, చేతులు జోడించి, "నాలో మీరు చూసిన తప్పు గాని, విన్న తప్పు గాని, అనుమానించిన తప్పు గాని ఉంటే దయతో చెప్పండి, దిద్దుకుంటాను" అని తోటివారిని మూడుసార్లు అడగాలి. అందరికంటే పెద్దవాడు ముందు అడుగుతాడు. చిన్నవాడి దాకా ఒక్కరినీ వదలరు.

ఆ రోజంటే భయపడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎవరు ఏం తవ్వి తీస్తారోనని ముందు రోజు అన్నం సయించదు వాళ్ళకు. రేవతుడి కష్టం అది కాదు. తనలో ఎవరూ ఒక్క తప్పు కూడా చెప్పరని అతనికి తెలుసు. పైగా మెచ్చుకుంటారని కూడా తెలుసు. ఆ మెప్పు తలచుకుంటేనే అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపిస్తోంది.

ఆ మెప్పు సంగతి చెప్పాలంటే కుక్క సంగతి చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందట భాద్రపదంలో ఏరు పొంగింది. అరటి బోదెలతో కట్టిన తెప్ప ఒకటి తాడు తెంపుకుని కొట్టుకొస్తోంది. దానిమీద ఒక కుక్కపిల్ల. ఒడ్డున జనం అయ్యో అయ్యో అంటున్నారు తప్ప కాలు తడుపుకున్నవాడు లేడు. అప్పుడే కొత్తగా భిక్షువై చీవరం కట్టిన రేవతుడు మెడలోతు నీళ్ళలోకి దిగాడు. పిల్ల దక్కింది. భిక్షాపాత్ర ఏటి పాలైంది. ఇంకో పాత్ర దొరికేదాకా తొమ్మిది రోజులు మోదుగాకు దొప్పలో తిన్నాడు. ఆ దొప్పలోనే పిల్లకూ పెట్టాడు. తెప్పమీద వచ్చింది కనుక తెప్ప అని పిలిచాడు.

అప్పటినుంచి తెప్ప రేవతుడి గది గుమ్మం ముందున్న అర్ధచంద్రాకారపు రాతి మీదే పడుకునేది. భిక్షకు వెళ్ళేటప్పుడు ముందు నడిచేది. ఏ ఇంటి ముందు ఎంతసేపు ఆగాలో భిక్షువులకంటే దానికే బాగా తెలుసు. పాత్రలో చివరి ముద్ద దానిది. రాతి పక్కనున్న చిన్న గుంటలో, పాత్రలు కడుక్కున్నాక ఎవరో ఒకరు దానికి మంచినీళ్ళు పోసేవారు. ముసలిదైపోయాక లేచే ఓపిక తగ్గింది గాని, రేవతుడు పేరు పెట్టి పిలిస్తే తోక రెండుసార్లు నేలకు కొట్టేది.

ఈ ఏడు వాసం మొదలయ్యే ముందు ఒక పరదేశి భిక్షువు విహారానికి వచ్చాడు. గుమ్మం దగ్గర ఇద్దరినీ చూసి, "భిక్షువుకు కుక్క ఉండడం చూశాను, కుక్కకు భిక్షువు ఉండడం ఇక్కడే చూస్తున్నాను" అని నవ్వాడు. అందరూ నవ్వారు. రేవతుడూ నవ్వాడు, కాని ఆ మాట ముల్లులా దిగింది. రేవతుడు ధ్యానంలో గట్టివాడని పేరున్న మనిషి. ఆ మర్నాడే సభలో లేచి, "ఈ మూడు నెలల్లో నా మమకారాన్ని తెంచుకుంటాను" అని అందరి ముందూ వ్రతం పట్టాడు.

ఇంట్లో వాళ్ళని వదిలేసి వచ్చినవాడికి ఇంకేం మిగిలింది తెంచుకోవడానికి? కుక్క మిగిలింది.

పాత్రలో ముద్ద మానేశాడు. పేరు పిలవడం మానేశాడు. గుమ్మం దాటేటప్పుడు దాన్ని చూడకుండా దాటడం నేర్చుకున్నాడు. మిగతా భిక్షువులు పెట్టింది తెప్ప కాస్త తినేది, మళ్ళీ వచ్చి అదే రాతి మీద పడుకునేది. రెండో నెలకల్లా, "రేవతుడు గెలిచాడు" అనుకోవడం మొదలైంది. ఆ మాట అతని చెవిన పడింది. తియ్యగానే ఉంది.

వారం కిందట వాన దంచి కొడుతుంటే తెప్ప తలుపు గీరింది. రేవతుడు ధ్యానం నుంచి లేచి తలుపు తీశాడు. వెనక కాళ్ళు పడిపోయి, ముందు కాళ్ళ మీద నిలబడి, తడిసి ముద్దయి, అతని ముఖంలోకి చూస్తోంది.

"పో" అన్నాడు.

పన్నెండేళ్ళలో దానితో అనని మాట. దారిలో ఎదురొచ్చే ఊరకుక్కలను అదిలించేటప్పుడు అనేవాడు, తెప్ప పక్కనే ఉండి వినేది. కనుక దానికి అర్థమైంది. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పాత చీవరపు గుడ్డను నోట కరుచుకుని, వానలో ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. రేవతుడు తలుపు వేసి మళ్ళీ కూర్చున్నాడు. ఆ రోజు ధ్యానం బాగా కుదిరిందనుకున్నాడు.

పవారణకు ముందు రోజు, అంటే గురువు దగ్గరికి వచ్చి ఈ మాట అన్న రోజు పొద్దున్న, పల్లెలోని పోలమ్మ మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కింది. రేవతుడి గుమ్మం ఖాళీగా ఉండడం చూసి తెప్పను వెతుక్కుంటూ పోయింది. చీవరాలకు రంగు కాచే పాక వానాకాలమంతా వాడకుండా ఉంటుంది. అక్కడి నుంచి ఆవిడ గొంతు కొండంతా వినబడింది.

"సామీ! ఓ సామీ! ఇటు రండి బాబూ! తెప్ప ఇక్కడ ఈగలు ముసిరి పడుంది, సూసినోడు నేడా?"

రేవతుడు వెళ్ళి పాక బయట నిలబడ్డాడు. పోలమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏరు దాటీసి తెప్ప తగలెట్టీసినట్టుంది సామీ మీ పని. నాకు సదువు నేదు. మీరు సదూకున్నోరు. ఇదేటో మీకే తెలవాల."

కొంగుతో ఈగలు తోలి, కాసిన్ని నీళ్ళు దాని నోట్లో పోసి, ఆవిడ వెళ్ళిపోయింది. రేవతుడు అప్పుడు పాకలోకి ఒక అడుగు వేశాడు.

తెప్ప అతన్ని చూసింది. చూసి, ముందు కాళ్ళు నేలకు ఊని, పడిపోయిన నడుమును ఈడ్చుకుంటూ అతనికి దూరంగా జరగడం మొదలుపెట్టింది. భయంతో కాదు. కొడతాడని కాదు. అతను పొమ్మన్నాడు కనుక. ఇంకా దూరం పోవాలేమో అనుకున్నట్టుంది.

రేవతుడు పరుగెత్తినట్టే అక్కడి నుంచి వచ్చేశాడు.

ఇదంతా ఇప్పుడు, ముక్కలు ముక్కలుగా, నేలను చూస్తూ గురువుకు చెప్పాడు. నాగబోధి మధ్యలో ఒక్క మాటా అడ్డం వేయలేదు.

"రేపు నేను అడిగితే ఎవరూ ఏ తప్పూ చెప్పరు భంతే. మెచ్చుకుంటారు. అది నేను వినలేను."

"బతికే ఉందా?" అన్నాడు నాగబోధి.

"ఉంది."

"పద."

"నేను రాను భంతే. నన్ను చూస్తే దూరం పోవాలని చూస్తుంది. దానికి నొప్పి."

"పొమ్మన్నది ఎవరు?"

"నేను."

"మరి రమ్మనాల్సిందీ నువ్వే. నేను పిలిస్తే రాదు."

ముసలాయన కర్ర అందుకుని లేచాడు. రేవతుడు వెనక నడిచాడు. పాక దగ్గరికి వచ్చాక గుమ్మం బయటే ఆగిపోయాడు. నాగబోధి లోపలికి వెళ్ళి, కర్ర పక్కన పెట్టి, పైచీవరాన్ని ఒక భుజం మీదికి సర్దుకున్నాడు. తర్వాత అరిగిపోయిన మోకాళ్ళను మెల్లగా వంచి కుక్క ముందు మడమల మీద గొంతుకూర్చున్నాడు. చేతులు జోడించాడు.

రేవతుడు కంగారుపడ్డాడు. "భంతే! వినయ నియమాల్లో ఇలా లేదు."

"లేదు" అన్నాడు నాగబోధి వెనక్కి తిరగకుండా. "ఇది కూడా రేపు సంఘం ముందు చెప్పుకుంటానులే."

తర్వాత కుక్కతో అన్నాడు. "తెప్పా, మూడు నెలలూ నేను చూస్తూ ఊరుకున్నాను. వాడికి వాడే తెలుసుకుంటాడని ఊరుకున్నాను. నీకు అంత వ్యవధి లేదని తలచుకోలేదు. నాలో నువ్వు చూసిన తప్పు గాని, విన్న తప్పు గాని, అనుమానించిన తప్పు గాని ఉంటే దయతో చెప్పు."

మూడుసార్లు అడిగాడు. ఒక్క పదం తగ్గించలేదు. తెప్ప ఆయన ముఖంలోకి చూసి కళ్ళార్పింది. ఆయన నేల మీద చెయ్యి ఆన్చి లేచి, కర్ర తీసుకుని బయటికి వచ్చాడు.

"నీ వంతు" అని, తన గది వైపు వెళ్ళిపోయాడు.

రేవతుడు పాకలో అడుగు పెట్టాడు. పొద్దున్న జరిగినట్టే జరిగింది. తెప్ప ముందు కాళ్ళు ఊనింది. వెనక గోడ దాకా పోవడానికి ఇంకా రెండు మూరల చోటు ఉంది. ఆ రెండు మూరలూ పోవడానికి సిద్ధపడింది.

"తెప్పా."

మూడు నెలలుగా పలకని పేరు.

"తెప్పా, రా."

కుక్క ఆగింది. చెవి ఒకటి కదిలింది. సరిగ్గానే విన్నానా అన్నట్టు అతని వైపు చూసింది.

"రా తల్లీ."

తెప్ప తిరిగింది. తిరగడానికే చాలాసేపు పట్టింది. ముందు కాళ్ళతో నేలను లాక్కుంటూ, ఆ గుడ్డ కూడా కాళ్ళకు చుట్టుకుని వెంట వస్తుండగా, అతను ఎదురు వెళ్ళేలోపే వచ్చేసి గడ్డం అతని పాదం మీద పెట్టింది.

రేవతుడు మడమల మీద కూర్చోబోయి నేల మీద కూలబడ్డాడు. చేతులు జోడించాడు. "నాలో నువ్వు చూసిన తప్పు గాని" అని మొదలుపెట్టాడు. మొదటిసారి మాటలన్నీ వచ్చాయి. రెండోసారి సగం వచ్చాయి. మూడోసారి పెదవులు కదిలాయి తప్ప ఏమీ వినబడలేదు. సిగ్గుతో అతని ముఖం మండిపోతోంది. కొండ మీద ఎవరూ లేకపోయినా ఆ ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తెప్ప తోక నేలకు రెండుసార్లు కొట్టింది.

తల అతని ఒడిలోకి వచ్చింది. అతను అలాగే కూర్చున్నాడు. పాక చూరులోంచి పడే ఎండ నేలమీద జరిగి జరిగి గోడ ఎక్కింది. పొద్దు వాలకముందే తెప్ప ఊపిరి ఆగింది. భిక్షకు వెళ్ళే దారి మొదట్లో, ఆ గుడ్డలోనే చుట్టి, రేవతుడు తన చేతులతో పాతిపెట్టాడు. ఎవరో సాయం రాబోతే వద్దన్నాడు.

మర్నాడు సభ జరిగింది. నాగబోధి ముందుగా కూర్చుని అడిగాడు. కుక్క ముందు పవారణ చేశానని కూడా చెప్పుకున్నాడు. కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. వరస నడిచి రేవతుడి వంతు వచ్చింది. మూడుసార్లు అడిగాడు. అనుకున్నట్టే ఎవరూ తప్పు చెప్పలేదు. పెద్ద భిక్షువు ఒకాయన సంతోషంగా అన్నాడు కూడా. "ఏం చెబుతాం ఆయుష్మంతుడా? పట్టిన వ్రతం నెగ్గించుకున్నావు."

రేవతుడు లేవలేదు.

"మీరు చెప్పలేదు కనుక నేనే చెప్పుకుంటాను" అన్నాడు. "నన్ను నమ్ముకున్నదాన్ని వానలో పొమ్మన్నాను. అది వెళ్ళాక ధ్యానం బాగా కుదిరిందనుకున్నాను. మీరు మెచ్చుకుంటుంటే విన్నాను. విని సంతోషించాను."

పక్కవాడు చేతులు జోడించి తన వంతు మొదలుపెట్టాడు.

భోజనాలయ్యాక నాగబోధి రేవతుడి గుమ్మం ముందున్న రాతి మీద కూర్చుని పాత్ర కడుక్కుంటున్నాడు. రేవతుడు వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"నిన్న మూడుసార్లూ అడిగాను భంతే. నా తప్పు ఒక్కటీ చెప్పలేదది."

నాగబోధి పాత్రలో మంచినీళ్ళు నింపి, అలవాటు చొప్పున రాతి పక్క గుంటలో పోశాడు. పోశాక చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"రమ్మంటే వచ్చింది కదా రేవతా" అన్నాడు. "ఇంకెలా చెబుతుంది?"