ఈరవ్వ మడిచిన గుట్ట

అనగనగా, మన ముత్తవ్వల ముత్తవ్వలు కూడా ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో, లోతువాడ అని ఒక ఊరుండేది. చుట్టూ గుట్టలు, నడుమ గిన్నె అడుగున మెతుకుల్లా ఇళ్ళు. ఆ ఊళ్ళో ఈరవ్వ అని ఒక ముసలమ్మ.

ఆమెకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్నదల్లా ఒక కత్తెర. కాగితాన్ని గోటితో గీసి, కత్తెరతో కోసి, మడిచి పైకి లేపిందంటే చాలు, చదును కాగితం మీద నెమలి పొట్ట ఉబ్బేది, ఏనుగు తొండం లేచేది. పెళ్ళిళ్ళకు ఆ బొమ్మలు గోడలకు అంటించుకునేవారు. ఇన్ని గింజలిచ్చి, వెనకే ఎగతాళి చేసేవారు.

"ఈరవ్వ బొమ్మ చినుకు దాకా!"

ఈరవ్వ నవ్వేది. నిజమే మరి, చినుకు పడితే కరిగే కాగితమే కదా.

ఒక ఎండాకాలం రాజుగారికి కాలువ తవ్వించాలని బుద్ధి పుట్టింది. కొండవాగు నీళ్ళను అవతలి పొలాలకు మళ్ళించాలి. మంచి పనే. కొలువులో నేల కొలిచే అధికారి ఉన్నాడు, అందరూ కొలతల పెద్ద అనేవారు, ఆయన పటం గీశాడు. కాలువ గీత తాడు లాగినట్టు తిన్నగా వచ్చింది. పటం చూసి ఊరంతా మురిసిపోయింది. ఈరవ్వకు మాత్రం గుండె ఝల్లుమంది. ఆ గీత వెళ్ళేది ఊరి వెనక గుట్ట మీదుగా. పటంలో గుట్టే లేదు! వానలు పడితే ఆ నీళ్ళు ఊరి మీద పడతాయి.

ముందు పటేలు దగ్గరికి పోయింది. "పటేలా, ఆ కాలువ మన మీదనే పడ్తది."

"నీకేమెరుక అవ్వా? నీ బొమ్మ చినుకు దాకా!"

తర్వాత కొలతల పెద్ద దగ్గరికి పోయింది. ఆయన తలైనా ఎత్తలేదు. "పటం మీద రాజముద్ర పడింది. నా గీత కలకాలం, నీ బొమ్మ చినుకు దాకా!"

ఇక మిగిలింది రాజు. మూడు రోజులు నడిచి కొలువుకు చేరింది.

అప్పటికే కొలతల పెద్ద పటం తెచ్చి రాజు ముందు పరిచాడు. "ఏం కావాలవ్వా?" అన్నాడు రాజు. ఈరవ్వ నడుముకు దోపుకున్న కత్తెర తీసి, రాజముద్ర పడిన పటాన్ని కసకసా కోసింది! భటులు కత్తులు దూశారు. ఆమె ఆగకుండా మడిచింది. ఇక్కడ గుట్ట లేచింది. అక్కడ లోయ దిగింది. ఊరని సిరాతో పెట్టిన చుక్క గిన్నె అడుగుకు చేరింది.

"తల తర్వాత కోద్దురు దొరా. ముందుగాల ఆ గీత మీద నీళ్ళు పొయ్యుండ్రి."

రాజు తన చెంబే ఎత్తి వంచాడు. నీళ్ళు గీత వెంట వెళ్ళాయి. గుట్ట దాకా వెళ్ళాయి. అక్కడ తిరిగి, జర్రున కిందికి జారాయి. సిరా చుక్క కరిగిపోయింది.

"ఆ చుక్క ఏమిటి?"

"మా ఊరు దొరా. నిన్న పుట్టిన పిల్లలు సుత ఉన్నరు."

"నీరు పల్లమెరుగు. నేనే ఎరగలేదు" అన్నాడు కొలతల పెద్ద, తల వంచుకుని.

రాజు కొత్త కాగితాలు తెప్పించాడు. ఈరవ్వ గుట్టను అలాగే ఉంచి, కాలువ దారిని మారుస్తూ మడిచింది. మొదటిసారి మడిచింది, నీళ్ళు వాగులోకే మళ్ళాయి. రెండోసారి మడిచింది, సగంలో ఆగాయి. మూడోసారి మడిచింది, గుట్టను చుట్టి పొలాలకు చేరాయి. కాలువ అలాగే తవ్వారు.

ఆ ఏడు వాన మూడు రోజులు ఆగలేదు. ఊరంతా గడపల్లో నిలబడి గుట్ట వైపే చూసింది. కాలువ నీరు ఒక్క చుక్కా ఊళ్ళోకి రాలేదు. వాన వెలిశాక అమ్మయ్య అని ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు. పటేలు పోయి ఈరవ్వ కాళ్ళ మీద పడ్డాడు.

"లే కొడుకా. ఇంత గంజి తాపు, ఆకలైతంది" అంది ఈరవ్వ.

తర్వాత కొన్నేళ్ళకు ఆమె పోయింది. ఆమె నెమళ్ళూ పోయాయి, ఏనుగులూ పోయాయి. కానీ ఆ వైపు ఈనాటికీ ఇల్లు కట్టాలన్నా, కాలువ తీయాలన్నా, నేల ఎలా ఉందో అలా కాగితం మడిచి దోసెడు నీళ్ళు పోసి చూస్తారు. మేస్త్రి పార ముట్టే ముందు అడిగేది ఒకటే.

"ఈరవ్వకు చూపెట్టినవా?"

"చూపెట్టిన" అంటేనే మొదటి దెబ్బ. తడిసిన ఆ కాగితాన్ని మాత్రం పారెయ్యరు. పునాదిలో తొలి రాయి కింద పెడతారు. చినుకు దాకా అని నవ్విన ఊళ్ళో, ఇప్పుడు ప్రతి ఇంటి కిందా ఈరవ్వ బొమ్మే.